బోర్డు బావి

నాకు ఇంగ్లీషు రాదు. బొత్తిగా రాదని కాదు. విరుదునగర్లో ఎనిమిదో క్లాసు దాకా చదివాను. నిలబెట్టి అడిగితే తడుముకోకుండా అప్పజెప్పేదాన్ని. కానీ పెళ్ళయి, కోవిల్పట్టి నుంచి విళాత్తికుళం పోయే బండిబాట మీద ఉన్న ఒక నల్లరేగడి ఊరికి కాపురానికి వెళ్ళాక, నేను నేర్చిన ఇంగ్లీషంతా దండగని తేలిపోయింది. ఆ ఊళ్ళో బతకడానికి ఒక్క ఇంగ్లీషు మాట చాలు. ఆ మాట బోర్డు.

అవి పంతొమ్మిది వందల ఇరవైల చివరి సంవత్సరాలు. రోడ్లూ బావులూ స్కూళ్ళూ చూసే తాలూకా బోర్డులు ఇంకా బతికున్న రోజులు. మా మామ, అంటే మా ఆయన తండ్రి, తాలూకా బోర్డు మెంబరు. ఆయన్ని ఊళ్ళో పేరుపెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆయన బోర్డయ్య. మా అత్త బోర్డమ్మ. బండి దిగిన రోజునుంచీ నేను బోర్డు కోడల్ని. మా ఇంటి ఎద్దుల్ని కూడా బోర్డు ఎద్దులనేవాళ్ళు. అవి ఏ ఎలక్షన్లో గెలిచాయో నాకు తెలియదు.

గుంటలు పడ్డ బాట బోర్డు రోడ్డు. దాని పక్కన ఉన్న చింతచెట్లు బోర్డు చెట్లు. వాటి కాయ ఊరివాళ్ళు కోస్తే దొంగతనం, మా ఇంటివాళ్ళు కోస్తే పర్యవేక్షణ. కోవిల్పట్టి ఆస్పత్రిలో జ్వరానికీ, దెబ్బకీ, కడుపునొప్పికీ పోసే ఎర్రనీళ్ళు బోర్డు మందు. సగంలో వదిలేసిన పనేదైనా బోర్డు పని. పొయ్యి ఆరిపోయి పప్పు బద్దలు బద్దలుగా మిగిలిపోతే మా అత్త గరిటె ఎత్తి చూపించి, "ఇదిగో, బోర్డు పప్పు. తినేవాళ్ళు రాండి" అనేది. మామకు మాత్రం ఆ మాటలో ఇంత వెటకారం ఉందని ఎప్పుడూ తోచలేదు. గట్టు తగాదా వచ్చినా, కోడి పోయినా, కూరలో ఉప్పెక్కువైనా ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "దీన్ని బోర్డులో పెడతా" అనేవాడు.

మా ఊరి బోర్డు స్కూలు అయ్యవారు సాయంత్రాలు మా అరుగు మీదికి వచ్చి కూర్చునేవాడు. ఆయన దగ్గర అట్టలూడిన పెద్ద డిక్షనరీ ఒకటి ఉండేది. ఒకసారి మామ అడిగాడు, ఈ బోర్డు అనే మాటకు అసలు అర్థమేమిటని. అయ్యవారు పుస్తకం తిప్పి చెప్పాడు. ఇది ఇంగ్లీషువాళ్ళ పాతకాలపు మాట. మొదట చెక్క అని అర్థం. ఆ చెక్కతో బల్ల చేశారు, బల్లనూ బోర్డు అన్నారు. బల్లమీద తిండి పెట్టారు, తిండినీ బోర్డు అన్నారు. ఆ బల్లచుట్టూ కూర్చుని పెద్దమనుషులు మాట్లాడారు, వాళ్ళనూ బోర్డు అన్నారు. ఓడ పక్కచెక్కకూ అదే మాట. మామకు ఓడ తెగ నచ్చింది. "కప్పలా? కప్పల్ కూడానా?" అని ఓడకున్న తమిళ మాటతో రెండుసార్లు అడిగి మీసం దువ్వుకున్నాడు. నీళ్ళు లేని ఊళ్ళో ఓడ ఎందుకో నాకు అర్థం కాలేదు.

లోపల్నించి మా అత్త గొంతు వినిపించింది. "మొదట సెక్కే కదా? నేను కాపురానికి వొచ్చినప్పటినించీ అదే సెప్తా ఉండాను."

అయ్యవారు పుస్తకం మూసేసి గబగబా వెళ్ళిపోయాడు.

నేను నవ్వుకున్నాను గానీ బయటికి వినిపించకుండా నవ్వుకున్నాను. కోడలు మామ ఎదుట పడకూడదు, ఆయనతో నేరుగా మాట్లాడకూడదు. అది మా వాళ్ళ మర్యాద. ఆయన పీటమీద కూర్చుని తింటూ ఉంటే నేను తలుపుచాటున నిలబడి, "అత్తా, మామకు ఇంకొంచెం సంకటి కావాలేమో అడగండి" అనాలి. ఆయన నా మాట విని, విననట్టు అత్త వైపు చూసి, "వొద్దని సెప్పు" అనాలి. అత్త మా ఇద్దరి మధ్యా ఊరికే నిలబడి, "విన్నావు కదా" అనేది. ఇంత చిన్న ఇంట్లో ఇంత పెద్ద నాటకం ఎందుకో దేవుడికే తెలియాలి.

సరే, మామ గొప్పతనం చెప్పాలి. కోవిల్పట్టిలో బోర్డు కూట్టానికి, అంటే మీటింగుకు, పోయినప్పుడల్లా ఆయన ఒక కాపీ హోటల్లో ఆగేవాడు. హోటల్ ముందు గది అందరిదీ. లోపలి గదికి తలుపు, తలుపుమీద ఒక పలక, పలకమీద "బ్రాహ్మణులకు మాత్రం" అని తెల్ల అక్షరాలు. మామకు చూపు అందినంత మేర పత్తిచేలు, కొట్టంలో మేలుజాతి ఎద్దులు, చెవులకు రాళ్ళ కడుకులు. ఆయన బయటి బెంచీమీద ఈగలతో కలిసి కాపీ తాగుతూ ఉంటే, ఆయన సంతకం కోసం వాకిట్లో కాచుకునే కుర్ర గుమాస్తా ఆయన ముందునుంచే లోపలి గదికి పోయేవాడు. ఎన్నాళ్ళు ఓర్చుకున్నాడో ఏమో, ఒకరోజు మామకు రోషం పొంగింది. బోర్డులో లేచి నిలబడ్డాడు. మనిషికీ మనిషికీ మధ్య పలక ఏంది, ఒకే పాలు, ఒకే పొడి, ఒకే పొయ్యి, తాగే నోటికి ఏమి తేడా అని అడిగాడట. ఆ పలక తియ్యనివాడికి లైసెన్సు ఇవ్వకూడదని తీర్మానం పెట్టాడు. చప్పట్లు కొట్టారట. ఆ ప్రసంగం ఆయన మా ఇంట్లో ఎన్నిసార్లు చేశాడంటే ఇప్పటికీ నాకు కంఠస్థం.

హోటలాయన పలక తీసేశాడు. పలక బదులు సర్వరొకడు తలుపు దగ్గర నిలబడి, లోపలికి పోబోయేవాళ్ళను నోటితోనే ఆపడం మొదలుపెట్టాడు. కానీ మామను మాత్రం ఒకసారి లోపలికి పిలిచి కూర్చోబెట్టి కాపీ ఇచ్చారు. ఆయన ఇంటికొచ్చి, "లోపలి కాపీ కూడా బయటి కాపీ మాదిరే ఉండాది" అని నిట్టూర్చాడు. పాపం, ఆ కాపీకోసం అంత ప్రసంగం చేశాడు. గెలిచినందుకు గుర్తుగా ఆ పలకను అడిగి తీసుకుని, బండిలో గడ్డికింద పెట్టి ఇంటికి తెచ్చుకున్నాడు. మంచి టేకు.

ఆ టేకుతోనే మొదలైంది తర్వాతి గొడవంతా.

మా ఊరి బావులన్నీ ఉప్పు. ఆ నీళ్ళతో పప్పు ఉడకదు, తలకు పోసుకుంటే జుట్టు కొబ్బరిపీచవుతుంది. మామ మెంబరయ్యాక బోర్డు సొమ్ముతో వీధి చివర ఒక బావి పడింది. అదృష్టం, తియ్యటి నీళ్ళు పడ్డాయి. అది బోర్డు బావి. ఊరికి తూర్పున పల్లంలో చేరి ఉంది, ఆంధ్రాలో వాడ అంటారే, అది. చేరివాళ్ళకు వాగులో తవ్వుకున్న చెలమే గతి. ఎండాకాలం వస్తే చెలమ ఎండిపోయేది. అప్పుడు వాళ్ళు కుండలు పట్టుకుని బోర్డు బావికి దూరంగా, ఒక రాయి దగ్గర నిలబడేవాళ్ళు. పైవాళ్ళలో దయ కలిగిన ఆడది ఎవరైనా తోడి, పైనుంచి వాళ్ళ కుండలో పొయ్యాలి. దయ కలిగే దాకా నిలబడాలి. దయ అనేది వంటపని, పిల్లల పని, పేలు చూసుకునే పని అన్నీ అయ్యాక గానీ కలగదు.

మా దొడ్డి చిమ్మే ఆమె ఆ చేరిలోదే. ఆమె పేరు నాకు తెలుసు, ఆ ఊళ్ళో ఇంకెవరూ పలికేవాళ్ళు కాదు, "ఏమే" అంటే సరిపోయేది. ఇందులో వింత ఏమిటంటే, ఆమె ఇంట్లో మాట్లాడేదీ తెలుగే. మేమూ ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. వాళ్ళూ అంతే. బెజవాడ నుంచి ఎవడో అధికారి వస్తే "మనోడు, తెలుగోడు" అని ఎదురెళ్ళి దండ వేసేవాళ్ళు మా వాళ్ళు. మా దొడ్డిలో పేడ ఎత్తుతూ మాలాగే తెలుగు మాట్లాడే మనిషి మాత్రం మనోళ్ళ లెక్కలోకి రాదు.

ఆ ఎండాకాలం ఆమె కూతురు తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. నెలలు నిండాయి. మా దొడ్డి చిమ్మే ఆమెకు నీళ్ళ దిగులు పట్టుకుంది. కాన్పంటే నీళ్ళు కావాలి. తల్లికి కావాలి, బిడ్డకు కావాలి, గుడ్డలకు కావాలి. చెలమలో బురద తప్ప ఏమీ లేదు. పొద్దున్నే దొడ్డి చిమ్మి, రాయి దగ్గరికి పోయి నిలబడి, ఎండ నడినెత్తికి వచ్చాక సగం కుండతో పోయేది. "పిల్లకు నొప్పులు అర్ధంతరంగా వొస్తే యాడికి పోయేది సిన్నమ్మా" అని నన్ను అడిగింది. నేనేమి చెప్పను? నేను తోడి పోసిన రోజున పోశాను. కోడలి చేతికి తెరిపి దొరకని రోజులే ఎక్కువ.

సరిగ్గా అప్పుడే పైనుంచి ఉత్తర్వు దిగింది. బోర్డు సొమ్ముతో తవ్విన బావుల్లో ఏ కులంవాళ్ళయినా నీళ్ళు తోడుకోవచ్చు, ఆ సంగతి పలకమీద రాసి బావి దగ్గర పాతాలి అని. మామ నాలుగు రోజులు నిద్రపోలేదు. తాలూకా బోర్డు నుంచి జిల్లా బోర్డుకు ఎక్కాలని ఆయనకు ఆశ. ఉత్తర్వు కాదంటే పైవాళ్ళు ఒప్పుకోరు, అవునంటే ఊరివాళ్ళు ఒప్పుకోరు. చివరికి, "పలకే కదా, పాతుదాం" అన్నాడు. కొత్త పలక కొనడం దేనికని అటకమీదున్న హోటలు పలక దింపించాడు. వడ్రంగి పాత అక్షరాలు చిత్రిక పట్టాడు. "బ్రాహ్మణులకు మాత్రం" పోయింది, "ఎవరైనా నీళ్ళు తోడుకోవచ్చును" వచ్చింది. తమిళంలో అయ్యవారు రాశాడు. మామకు తెలుగులో కూడా ఉండాలనిపించింది. మా ఊళ్ళో తెలుగు నోట్లో ఉంటుంది గానీ కళ్ళకు ఆనదు, చదివేవాడు ఒక్కడు లేడు. మా నాన్న గుంటూరు పత్తివ్యాపారుల కోసం నేర్చుకున్న అక్షరాలు నాకూ నేర్పాడు కాబట్టి ఆ వరుస నేను రాశాను. తప్పు రాసినా పట్టుకునే దిక్కు లేదు. అయినా ఒత్తులు సరిచూసుకుని ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాశాను.

ఇక్కడ మా వాళ్ళ సంగతి చెప్పాలి. కొత్త నాగలి కొన్నా, బండికి కొత్త చక్రం బిగించినా, కొత్త చేద తెచ్చినా పసుపూ కుంకుమా పెట్టకుండా మావాళ్ళు వాడరు. పలక కొత్తది. కాబట్టి పాతిన రోజే పసుపు పూశారు, కుంకుమ పెట్టారు, వేపమండ కట్టారు, కొబ్బరికాయ కొట్టి కర్పూరం వెలిగించారు. అంతటితో ఆగితే బాగుండు. వచ్చిన శుక్రవారం ఎవరో మళ్ళీ పసుపు పూశారు. ఒకావిడ పిల్లవాడికి జ్వరం తగ్గిందని పలక స్తంభానికి పసుపుతాడు కట్టింది. ఇంకొకావిడ దీపం పెట్టింది. నెల తిరిగేసరికి పలకమీద పసుపు దళసరిగా పేరుకుంది, "ఎవరైనా" అన్న మాటమీద సరిగ్గా కుంకుమబొట్టు కూర్చుంది. నీళ్ళకు వచ్చిన ఆడవాళ్ళు కడవ దింపి దండం పెట్టుకోవడం మొదలుపెట్టారు. బోర్డు కాస్తా బోర్డుసామి అయింది.

సామి అన్నాక దగ్గరికి ఎవరు రావచ్చు, ఎవరు రాకూడదు అనేది ఒకటి ఉంటుంది కదా. చేరివాళ్ళు నిలబడే రాయిని ఇంకొంచెం దూరం జరిపించారు.

మామ అరుగుమీద కూర్చుని ఈ న్యాయం ఎంత నింపాదిగా చెప్పాడని! "బోర్డు రమ్మంటా ఉండాది. మేము వొద్దనలేదే! కానీ సామి ఉండే తావుకు వాళ్ళు ఎట్ల వొస్తారు? వాళ్ళకే కదా దోసం? పావం, వాళ్ళ మంచికే సెప్తా ఉండాము." అయ్యవారు "ఆమా, ఆమా" అని తమిళంలో అవునన్నాడు. తలుపుచాటున నాకు ఒళ్ళు మండిపోయింది. రమ్మని రాసిన పలకనే కాపలాకు పెట్టారు. ఇంత తెలివి హోటలువాడికి కూడా లేదు.

ఒకరోజు దొడ్డిలో ఆమె చీపురు ఆపి నన్ను అడిగింది. "సిన్నమ్మా, ఆ సామి మీద ఏమి రాసుండాది?"

"ఎవరైనా నీళ్ళు తోడుకోవచ్చు అని."

"నిజంగానా? నువ్వే రాసినావంట?"

"ఒక వరుస నేనే రాశాను."

ఆమె చీపురును అరచేతికి తట్టి సర్దుకుంది. "ఎన్ని కడవలని రాయలేదా?"

"లేదు."

"ఓహో" అని మళ్ళీ చిమ్మడం మొదలుపెట్టింది.

ఆ వారంలోనే కబురు వచ్చింది. బావులు చూడటానికి అధికారి వస్తున్నాడు, బెజవాడ వైపు మనిషి, తెలుగువాడు. పలక ఉంటే చాలదు, చేరివాళ్ళు నిజంగా తోడుకుంటున్నారా లేదా కళ్ళారా చూస్తాడట. జిల్లా బోర్డుకు ఎవరు ఎక్కాలన్నది కూడా ఆయన మాటమీదే ఉందని కోవిల్పట్టిలో అనుకున్నారట. ఇంట్లో పెళ్ళి హడావిడి మొదలైంది. పందిరి వేశారు. వడలకు పప్పు నానేశారు. మామ దొడ్డివైపు వచ్చి, నేనెన్నడూ వినని మెత్తటి గొంతుతో ఆమెను పిలిచాడు.

"రేపు దొర వొస్తాడు. నువ్వు వొచ్చి బావిలో ఒక కడవ తోడుకోవాల. తలకు పోసుకుని, మంచి సీర కట్టుకుని రా."

"తలకు పోసుకునేదానికి నీల్లు యాడుండాయి సామీ?" అంది ఆమె.

మామ గొంతు సవరించుకున్నాడు. "సరి సరి, మొగం కడుక్కుని రా. ఒక్క కడవ. దొర ఉండేవరకే. తెలిసిందా?"

"మా పిల్లకు నెలలు నిండినాయి సామీ. రెండు కడవలు తోడుకుంటా."

"ఒకటి అంటే ఒకటి."

మర్నాడు అధికారి వచ్చాడు. సన్నగా, కళ్ళజోడుతో, చెమటకు తడిసిపోయి ఉన్నాడు. దండ వేస్తే తీసి చేతిలో పట్టుకున్నాడు. నేరుగా బావి దగ్గరికి నడిచాడు. పలక చూసి నిలబడిపోయాడు. "ఏమండీ, అక్షరాలేవీ? పసుపే కనిపిస్తోందేం?" అని జేబురుమాలు తీసి, బోర్డుసామి మొహాన్ని బరబరా తుడిచేశాడు. ఆడవాళ్ళందరూ ఒక్కసారి "అయ్యయ్యో" అన్నారు. ఒకావిడ లెంపలు వేసుకుంది. మామ మాత్రం నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వు ఎలా నిలబెట్టాడో ఆయనకే తెలియాలి. అధికారి తెలుగు వరుస చదివి, "భేష్! ఈ ఊళ్ళో తెలుగు రాసినవారెవరండీ?" అన్నాడు. మా కోడలన్నాడు మామ. ఆయన ఆడవాళ్ళ వెనక నిలబడ్డ నా వైపు తిరిగి ఏదో అడిగాడు, నేను తలవంచుకుని జవాబు చెప్పాను. "అచ్చం మా ముత్తవ్వ మాట్లాడినట్టుందండీ" అని మురిసిపోయాడు. నాకు అప్పుడు పద్దెనిమిదేళ్ళు.

అప్పుడు ఆమె వచ్చింది. కుండ చంకలో పెట్టుకుని, ఊరంతా చూస్తూ ఉండగా, రాయి దాటి వచ్చింది. చేద పట్టుకుంది. గిలక కిర్రుమంటే అందరికీ వినిపించింది. చేద పైకి వచ్చాక ఒక్క క్షణం నీళ్ళలోకి చూసింది. ఆ ఊళ్ళో పుట్టి, ఆ ఊళ్ళో ముసలిదయిపోతున్న మనిషి, తియ్యటి నీళ్ళు తన చేత్తో తోడడం అదే మొదలు. కడవ నిండింది. మామ వెంటనే, "దొరా, ఆకులు ఏసినారు, ఎండ తగలతాది" అన్నాడు.

ఆమె కదలలేదు. అధికారి వైపు తిరిగింది. "దొరా, ఎన్ని కడవలు తోడుకోవాలని దాంట్లో రాసుండాదా?"

అధికారి ఫక్కున నవ్వాడు. తెలుగు మాట వినేసరికి ఆయనకు ప్రాణం లేచొచ్చింది. "నీ ఇష్టమమ్మా! ఎన్నైనా తోడుకో. నీ బావే ఇది."

మామ కూడా నవ్వాల్సి వచ్చింది. రాయి వెనక ఆమె చెల్లెలు రెండో కుండతో అప్పటికే నిలబడి ఉంది. ఆమె రెండోది నింపింది. మూడోదానికి చెయ్యి చాచేలోపల మామ అధికారిని చెయ్యి పట్టుకుని పందిరి కిందికి లాక్కుపోయాడు, మా మరిది వచ్చి చేద తాడు పట్టేసుకున్నాడు. రెండు కడవలు. ఆ రెండూ తలలమీద పెట్టుకుని అక్కాచెల్లెళ్ళు పల్లంలోకి పోతూ ఉంటే, ఒక్క చుక్క తొణకలేదు.

అధికారి వడలు తిన్నాడు, పాయసం రెండుసార్లు పోయించుకున్నాడు, మామ భుజం తట్టి కారెక్కాడు. కారు దుమ్ము ఇంకా అణగలేదు, ఊరు ఊరంతా మామమీద విరుచుకుపడింది. బావి మైలపడింది. ఇప్పుడు తాగేదేమి, వండేదేమి? సామిని గుడ్డతో తుడిపించావే, నీకు కళ్ళు లేవా? ఆడవాళ్ళు ఖాళీ కడవలు మా గుమ్మంముందు పేర్చారు. మామ కోవిల్పట్టిలో చేసిన ప్రసంగం ఆ రోజు ఒక్క ముక్క కూడా గుర్తుకు రానట్టుంది. "తోడించేద్దాం" అన్నాడు. "ఒక్క సుక్క మిగలకుండా తోడించి, పూడిక తీయించి, పసుపునీల్లు పోయించి సుద్దం సేయిద్దాం. పూజారికి కబురు పెట్టండి."

పూజారి వచ్చాడు. పసుపు వచ్చింది. ఆవు పంచితం చెంబులో వచ్చింది. కానీ బావిలోకి దిగేదెవరు? మా ప్రాంతంలో బావి తవ్వేదీ, దిగేదీ, పూడిక ఎత్తేదీ ఎప్పుడూ చేరివాళ్ళే. మా మగవాళ్ళు బావిలోకి తొంగిచూసి తువ్వాలు సర్దుకుంటారు, అంతే. కాబట్టి చేరికే మనిషిని పంపారు. ఆమె మొగుడు, ఇంకో నలుగురు వచ్చారు. రాయి దగ్గరే ఆగి ఆమె మొగుడన్నాడు: "దిగుతాం సామీ. నీల్లు ఎట్లయినా పారబోసేదే కదా. తూరుపు దిక్కుకు పారబోస్తాం."

తూర్పు అంటే చేరి. ఎవరు చెప్పి పంపారో నాకు తెలుసు. మామకు ఆలోచించే తీరిక లేదు, గుమ్మం ముందు కడవలు అలా ఉన్నాయి. "ఎట్లనో ఒకట్ల పొయ్యండి, పొయ్యండి" అన్నాడు.

మగవాళ్ళు ఇద్దరు బావిలోకి దిగారు. మిగతావాళ్ళు పైనుంచి చేదలు లాగి తూర్పుకు పోయే కాలవలోకి వంచారు. మా బోర్డు బావి తియ్యటి నీళ్ళు మధ్యాహ్నం ఎండలో తళతళా మెరుస్తూ పల్లంలోకి పారాయి. చేరిలో ఉన్న ప్రతి కుండా, సట్టీ, గోలెం, తొట్టీ కాలవకు అడ్డం వచ్చాయి. పిల్లలు కాలవలోనే పడుకుని తాగారు. పైన నిలబడి మామ అరుస్తూనే ఉన్నాడు, "బాగా తోడండిరా, ఇంకా తోడండి, అడుగు కనపడాల!" అడుగు కనపడింది. ఆ మధ్యాహ్నమే ఆమె కూతురికి నొప్పులు వచ్చాయి. పొద్దు వాలేసరికి ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లకు వేడినీళ్ళతో తృప్తిగా స్నానం పోశారట. చేరిలో పుట్టిన బిడ్డకు ఎండాకాలంలో అంత నీళ్ళు పోయడం ఎవరూ చూడలేదని మంత్రసాని మా అత్తతో చెప్పి మురిసిపోయింది.

మేము మాత్రం ఆ తర్వాత చాలారోజులు ఉప్పునీళ్ళు తాగాం. ఎండాకాలం బావి, ఒకసారి ఎండగొడితే మళ్ళీ ఊరడం అంత సులువా? పప్పు ఉడకలేదు. మామకు గొంతు పట్టేసింది, జిల్లా బోర్డు కబురు రాలేదు. పలకకు మళ్ళీ పసుపు పూశారు, ఈసారి ఇంకా మందంగా పూశారు.

బావి ఊరిన రోజు పొద్దున్నే చూశాను. ఆమె ఖాళీ కుండ పట్టుకుని, రాయి దగ్గర, ఎప్పటిలాగే నిలబడి ఉంది. ఎవరికో దయ కలగాలని ఎదురుచూస్తోంది. ఆమె నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు చూశాక నాకు మా వాళ్ళమీద కోపం ఆగలేదు. కడవ దింపి, తోడి, ఆమె కుండ నింపి, నా కడవ నింపుకుని ఇంటికొచ్చాను.

మామ ఆకు ముందు కూర్చున్నాడు. అత్త కొత్తనీళ్ళు గ్లాసులో పోసి పెట్టింది. ఆయన గ్లాసు ఎత్తి వెలుగుకు పట్టి చూశాడు. "ఇప్పుడు సుద్దం" అన్నాడు.

నేను తలుపుచాటునుంచి ఇవతలికి వచ్చాను. అత్త వైపు చూడలేదు. ఆయన ఎదురుగా నిలబడి అడిగాను.

"మామా, ఆమె తాడు పట్టుకుని తోడితేనే బావి మైలపడిందన్నారు. ఆమె మొగుడు నడుములోతు నీళ్ళలో నిలబడి, అడుగంతా చేతులతో దేవి పైకి వచ్చాడు. ఆ తర్వాత ఊరిన నీళ్ళే ఇవి. ఇవి శుద్ధమెట్లా అయినాయి? మళ్ళీ తోడించాలంటే మళ్ళీ వాళ్ళే కదా దిగాల?"

అత్త చేతిలో గరిటె ఆగిపోయింది. కోడలు తనతో మాట్లాడిందన్న కోపం మామ కళ్ళలో కనిపించింది. తర్వాత నేనేం అడిగానో ఆయనకు అర్థమైంది. గ్లాసు గాలిలోనే ఉంది. ఆయన దానివైపు చూశాడు, నావైపు చూశాడు, మళ్ళీ దానివైపు చూశాడు. దాహంగా ఉన్నాడు. గటగటా తాగేశాడు.

"ఇంకో గ్లాసు పొయ్యి" అన్నాడు, నాతోనే.